గనిలో మిగిల్చిన స్తంభములు – వానిని తిరిగి తీయుట

హనుమకొండలోని వేయి స్తంభాల గుడిలో స్తంభములను శిల్పులు చెక్కి నిలిపిరి. ఆ తరువాత వానిపై దూలములను, కప్పును అమర్చిరి. భూగర్భమునందలి గనులలో కూడ వందలకొలది స్తంభములుండును. కాని వానిని ఎవరును తెచ్చి నిలువలేదు. చుట్టునున్న పదార్థమును త్రవ్వి తీసివేయగా మిగిలినవే ఆ స్తంభములు. ఇచ్చట కప్పు ముందే ఉన్నది. అది పదులు, వందల మీటర్ల మందము గల రాతిపొర.

గుడి స్తంభమునకును గని స్తంభమునకును మరియొక భేదము కలదు. ఏ సరకు కొరకు గనిని త్రవ్విరో, గని స్తంభము ఆ సరకే. సీసపు గనిలో అది సీసపు ఖనిజము. బొగ్గు గనిలో అది బొగ్గు. కావున గదుల త్రవ్వకము ముగియు వేళకు గనివారి యెదుట ఒక చిక్కు ప్రశ్న నిలుచును. ఇంత సంపదను భూమిలోనే విడిచి పోవలెనా? తీసికొన్నచో, అది ఇంతవరకు మోసిన బరువును ఇకమీద ఏది మోయును? ఈ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పకుండ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పినచోట్ల ప్రాణములు పోయినవి, ఊళ్ళు పాడుపడినవి.

గదులు, స్తంభములు

ఖనిజము ఇంచుమించు సమతలముగా, చాప పరచినట్లు ఉన్నప్పుడు ఈ పద్ధతి అనుకూలమైనది. పొరలో కొన్ని దారులను ఒక దిక్కుగా, మరికొన్నిటిని వానికి అడ్డముగా త్రవ్వుకొని పోవుదురు. పైనుండి చూచినట్లు పటము గీచినచో అది సరళరేఖలలో కట్టిన పట్టణము వలె కనబడును. వీధులున్నచోట ఖాళీ, ఇండ్ల వాడలున్నచోట స్తంభములు. లోహపు గనులలో ఈ ఖాళీలను గదులందురు. బొగ్గు గనులలో వీనినే గ్యాలరీలందురు. సింగరేణి బొగ్గు గనులలో ఈ పద్ధతిని బోర్డ్ అండ్ పిల్లర్ అని, మిగిల్చిన స్తంభములను తరువాత తీయు పనిని డిపిల్లరింగ్ అని వ్యవహరింతురు.

స్తంభములలో ఎంత మిగిలిపోవునో చూచినచో ఆశ్చర్యము కలుగును. మన దేశమున 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు, గని లోతు పెరిగినకొలది స్తంభము పెద్దది కావలెనని నిర్దేశించినవి. లోతు 360 మీటర్లు దాటి, గ్యాలరీ వెడల్పు 4.8 మీటర్లు ఉన్నప్పుడు, ఒక స్తంభపు మధ్యబిందువు నుండి ప్రక్క స్తంభపు మధ్యబిందువునకు 48 మీటర్ల దూరముండవలెను. అనగా స్తంభపు వెడల్పు 43.2 మీటర్లు. 43.2 యొక్క వర్గమును 48 యొక్క వర్గముచే భాగించిన 0.81 వచ్చును. నూటికి 81 పాళ్ళ బొగ్గు స్తంభములలోనే ఉన్నదన్న మాట. మొదటి త్రవ్వకమున వచ్చినది 19 పాళ్ళు మాత్రమే. ఇట్టి గనిలో స్తంభములను తీయనిచో గని త్రవ్విన ఫలమే దక్కదు.

సీసము, జింకు వంటి లోహపు గనులలో రాయి గట్టిది. అచ్చట గదులు వెడల్పుగను, స్తంభములు చిన్నవిగను ఉండును. మొదటి విడతలోనే ఖనిజములో అధిక భాగము చేతికి వచ్చును. మిగిలిన కొద్ది భాగము స్తంభములలో నిలిచియుండును. ఇది కొద్దియే గదా యని తీసికొనబోవుటలోనే అసలు చిక్కు ఉన్నది. దీనిని లెక్క వేసి చూతము.

భారపు లెక్క

ఒక గని 100 మీటర్ల లోతున ఉన్నదనుకొందము. పైనున్న రాయి ఘనపు మీటరునకు సుమారు 2.5 టన్నులు తూగును. కావున ఆ లోతున ప్రతి చదరపు మీటరుపై 250 టన్నుల భారముండును. త్రవ్వకమునకు పూర్వము ఈ భారమును ఖనిజపు పొర అంతయు సమముగా పంచుకొని మోయుచుండెను.

ఇప్పుడు 10 మీటర్ల వెడల్పు గల గదులను త్రవ్వి, 10 మీటర్ల భుజము గల చతురస్రపు స్తంభములను మిగిల్చితిమి. ప్రతి స్తంభము తనకు నేరుగా పైనున్న భాగమునే గాక, నాలుగు ప్రక్కల నున్న గదుల కప్పులో సగమేసి భాగమును కూడ మోయవలెను. అనగా 20 మీటర్ల భుజము గల చతురస్రము దాని వంతునకు వచ్చును. దాని వైశాల్యము 400 చదరపు మీటర్లు. స్తంభపు వైశాల్యము 100 మాత్రమే. కావున స్తంభముపై భారము నాలుగు రెట్లై, చదరపు మీటరునకు 1000 టన్నులగును.

ఈ లెక్క నుండి ఒక సూత్రము తేలుచున్నది. మిగిలిన వంతు ఎంతయో, దానిచే ఒకటిని భాగించిన, భారమెన్ని రెట్లయినదో తెలియును. ఖనిజములో సగము తీసిన భారము రెండు రెట్లు. నూటికి 75 పాళ్ళు తీసిన నాలుగు రెట్లు. 90 పాళ్ళు తీసిన పది రెట్లు. 95 పాళ్ళు తీసిన ఇరువది రెట్లు. విద్యార్థులు దీనిని గ్రాఫు కాగితముపై గీచినచో, రేఖ మొదట మెల్లగా లేచి, తుదకు గోడ వలె నిటారుగా పైకి పోవుట కనబడును. మొదటి 50 పాళ్ళ వలన పెరిగినంత భారము, 90 నుండి 91 వరకు పోవుట వలననే ఇంచుమించు పెరుగును.

ఇది స్థూలమైన లెక్క. స్తంభములన్నియు ఒకే పరిమాణమున ఉన్నవనియు, గని చాల విశాలముగా ఉన్నదనియు ఇందులో ఊహించితిమి. గని అంచులలో త్రవ్వని గట్టుభాగము కొంత భారమును తాను గ్రహించును. అయినను మొదటి అంచనాకు గని ఇంజనీర్లు నేటికిని ఈ లెక్కనే వేయుదురు.

స్తంభపు బలము

భారము తెలిసినది. ఆ భారమును మోయగల బలము స్తంభమునకు ఉన్నదా? బలము రాతి జాతిపైననే ఆధారపడదు. స్తంభపు ఆకారముపైన కూడ ఆధారపడును. దీనిని తరగతి గదిలో చూపవచ్చును. బల్లపై గుప్పెడు పొడి ఇసుకను కుప్పగా పోసి అరచేతితో నొక్కినచో, ఇసుక ప్రక్కలకు జారి కుప్ప చదునగును. అదే ఇసుకను చిన్న గుడ్డసంచిలో బిగించి కట్టి నొక్కినచో ఎంతో బలమునకు గాని లొంగదు. ఇసుక మారలేదు. ప్రక్కలకు జారకుండ గుడ్డ దానిని పట్టుకొన్నది.

స్తంభము నడిమి భాగమునకు చుట్టునున్న భాగమే ఈ గుడ్డ వంటిది. వెడల్పైన పొట్టి స్తంభములో అంచులు కొంత చిట్లి రాలినను, నడిభాగము బిగువుగా నిలిచి బరువును మోయును. సన్నని పొడవైన స్తంభములో అట్టి రక్షణ పొందిన నడిభాగమే ఉండదు. అది ఒక్కసారిగా పగులును.

ఈ విషయమును లెక్కకు తెచ్చుటకు ఒక ఘోర ప్రమాదము కారణమైనది. దక్షిణాఫ్రికాలోని కోల్‌బ్రూక్ బొగ్గు గనిలో 1960 జనవరి 21న వందలకొలది స్తంభములు ఒకదాని వెంట ఒకటి కూలిపోయినవి. 435 మంది కార్మికులు లోపల చిక్కుకొని మరణించిరి. వారి దేహములను సైతము వెలికి తీయుట సాధ్యము కాలేదు. ఇచ్చట సంభవించినదానిని అర్థము చేసికొనుట కష్టము కాదు. ఒక స్తంభము కూలగానే దాని బరువు మాయము కాదు. ప్రక్క స్తంభములపై పడును. అవి అదివరకే తమ శక్తి మేరకు మోయుచున్నచో అవియు కూలును. వాని బరువు అంతకంతకు తరువాతి వరుసలపై పడుచుండును. పేర్చిన పేకముక్కలు వరుసగా పడిపోయినట్లు ఈ పతనము గనిలో వ్యాపించును.

అటుపిమ్మట సాలమన్, మన్రో అను పరిశోధకులు ఆ దేశపు బొగ్గు గనులలోని 125 సందర్భములను పరిశీలించిరి. అందు 98 నిలిచియున్నవి, 27 కూలినవి. వారు 1967లో ప్రకటించిన సూత్రము ప్రకారము, బొగ్గు స్తంభపు వెడల్పు రెండింతలైనచో బలము సుమారు 1.38 రెట్లగును. ఎత్తు రెండింతలైనచో బలము 0.63 వంతునకు పడిపోవును. స్తంభపు బలము దానిపై పడు భారమునకు సుమారు 1.6 రెట్లుండుట మేలని వారు సూచించిరి. ఈ నిష్పత్తినే భద్రతా గుణకమందురు.

కొంచెము చెక్కినచో ఏమగును?

మన లెక్కలోని గనికి తిరిగి వత్తము. స్తంభముపై భారము చదరపు మీటరునకు 1000 టన్నులు. దాని బలము 1600 టన్నులనుకొందము. భద్రతా గుణకము 1.6, గని క్షేమముగా ఉన్నది. ఇప్పుడు గని యజమాని, స్తంభములను పూర్తిగా తీయక, ఒక్కొక్క ప్రక్కన ఒక్క మీటరు మందము మాత్రము చెక్కి తీసికొమ్మని చెప్పెననుకొందము. ఇది చాల మితమైన కోరికగా తోచును.

స్తంభపు భుజము 8 మీటర్లయినది. వైశాల్యము 64 చదరపు మీటర్లు. 400ను 64చే భాగించిన 6.25. కావున భారము 250 × 6.25, అనగా దాదాపు 1560 టన్నులైనది. మరియొక వంక స్తంభము సన్నబడినది. పై సూత్రమునే ఇచ్చట వర్తింపజేసినచో, బలము నూటికి పది పాళ్ళు తగ్గి 1440 టన్నులగును. బలము కంటె భారము మించినది. లాభమెంత? మునుపు ప్రతి 400 చదరపు మీటర్లకు 300 చదరపు మీటర్ల ఖనిజము దొరికినది. ఇప్పుడు 336 దొరికినది. నూటికి 12 పాళ్ళ అధిక ఖనిజము కొరకు గని అంతయు కూలుదశకు వచ్చినది.

ఇట్టి చెక్కుడు ఊహామాత్రము కాదు. అమెరికాలో మిస్సోరి, కాన్సాస్, ఓక్లహోమా రాష్ట్రములు కలియుచోట సీసము, జింకు గనులు విరివిగా ఉండెడివి. ఓక్లహోమాలోని పిచర్ అను పట్టణము ఆ గనులపైననే వెలసినది. అచ్చట గదులను త్రవ్వి స్తంభములను విడిచిరి. పెద్ద గనులు సన్నగిల్లిన తరువాత చిన్న చిన్న గుత్తదారులు మిగిలిన స్తంభములను ఎవరికి తోచినంత వారు చెక్కుకొనిరి. ఒక వరుసలో ఏది మిగిలెనో, ఏది పోయెనో తెలియని స్థితి వచ్చెను. 1970 నాటికి గనుల పని నిలిచిపోయినది. కాని కప్పు బరువు నిలిచిపోలేదు. ఏండ్లు గడచినకొలది నేల అక్కడక్కడ క్రుంగుచు వచ్చినది. 2006లో సైనిక ఇంజనీర్ల సర్వేక్షణ ఆ పట్టణములో అధిక భాగము కూలు ప్రమాదమున ఉన్నదని తేల్చినది. అప్పటికే గనుల నుండి వచ్చిన సీసపు దుమ్ము, నీరు ఆ ఊరి పిల్లల ఆరోగ్యమును చెరచియుండెను. ప్రభుత్వము ఇండ్లను కొని జనమును తరలించినది. 2009లో పురపాలనయే ముగిసినది. తీసినవారు లాభముతో వెళ్ళిపోయిరి. స్తంభముల ఖరీదును తరువాతి తరమువారు చెల్లించిరి.

వెనుకకు నడుచుచు తీయుట

అయినచో స్తంభములను క్షేమముగా తీయు విధమే లేదా? కలదు. బరువునకు మరియొక దారి చూపిన తరువాతనే తీయవలెను. దీనికి రెండు మార్గములున్నవి. మొదటిది కప్పును కూలనిచ్చుట. రెండవది ఖాళీని నింపుట.

మొదటి మార్గమును బొగ్గు గనులలో అనుసరింతురు. గనిని కొన్ని ప్యానెళ్ళుగా విభజించి, ఒక్కొక్క దాని చుట్టును తాకరాని గట్టుస్తంభములను విడుతురు. ప్యానెలు తుదివరకు గ్యాలరీలను త్రవ్వుకొని పోయి, ఆ తుది నుండి స్తంభములను తీయుచు, బయటికి పోవు దారివైపు వెనుకకు మరలుదురు. పొలమున నాట్లు వేయువారు నాటిన మడిని త్రొక్కక వెనుకకు నడచునట్లు, ఇచ్చటివారు కూడ తీసిన భాగమున తిరిగి అడుగు పెట్టరు.

ఒక్కొక్క స్తంభమును ముందు నడుమ చీల్చి రెండు చేయుదురు. దీనిని స్ప్లిట్ అందురు. పిమ్మట ప్రక్క నుండి స్లైసులుగా కోయుదురు. తీసిన ఖాళీకి ఆనుకొని సన్నని బొగ్గు గోడ నొకదానిని విడుతురు, అది రిబ్. పనిచేయు చోట కర్ర ప్రాపులు, దుంగలు అడ్డదిడ్డముగా పేర్చిన చాకులు, ఇనుప బోల్టులు కప్పును పట్టి ఉంచును. కర్ర ప్రాపునకు ఒక గుణము కలదు. విరుగబోవు ముందు అది చిటపటలాడును. ఆ చప్పుడు విని కార్మికులు తొలగిపోవుదురు. స్తంభములను తీయు వరుస ఒక వాలు గీతగా ఉండును. ఒక స్తంభము మూడు వైపుల ఖాళీ నడుమ ఒంటరిగా చిక్కుపడకుండుటకే ఈ ఏర్పాటు.

తీసిన ఖాళీని గోఫ్ అందురు. అందలి కప్పు కూలవలెను. కొత్తవారికి ఇది వింతగా తోచును. కప్పు కూలకుండ వ్రేలాడుచున్నచో అది అరుగు వలె ముందుకు పొడుచుకొనివచ్చి, తన బరువునంతయు పనిచేయు చోటి స్తంభములపై మోపును. అట్లు వ్రేలాడిన పెద్ద కప్పు తుదకు ఒక్కుమ్మడిగా పడినచో, క్రిందనున్న గాలి తుఫాను వలె గ్యాలరీలలోనికి దూసికొనివచ్చి మనుష్యులను విసరివేయును. కావున కప్పు తనంతట తాను పడనిచో రంధ్రములు చేసి పేలుడు మందుతో దానిని పడగొట్టుదురు. పడిన రాళ్ళు గుట్టగా నిండి, పైపొరలకు ఆనుడు కల్పించును. బరువు క్రమముగా ఆ గుట్టలోనికి దిగును. ప్యానెలు ముగియగానే దానిని గోడలతో మూసివేయుదురు. లేనిచో విడిచిన బొగ్గు గాలి తగిలి తనంతట తానే రాజుకొనవచ్చును.

ఈ మార్గమున గట్టుస్తంభముల ప్రాధాన్యమెంతయో 2007లో అమెరికాలోని యూటా రాష్ట్రమున తెలిసివచ్చినది. క్రాండాల్ కాన్యన్ బొగ్గు గనిలో ఇరుప్రక్కల బొగ్గును అదివరకే పూర్తిగా తీసివేసిరి. నడుమ విడిచిన గట్టులో దారులు త్రవ్వి, అందలి స్తంభములను కూడ తీయ నారంభించిరి. ఆ గట్టు తన బరువునే గాక ఇరుప్రక్కల ఖాళీల బరువును కూడ మోయుచున్నది. పైన 450 మీటర్లకు మించిన కొండ. ఆగస్టు 6న స్తంభములు విస్తారముగా పగిలినవి. భూకంపమాపకములు 3.9 పరిమాణపు కంపమును నమోదు చేసినవి. ఆరుగురు లోపల మరణించిరి. పది దినముల తరువాత, వారిని వెదకుచు దారి చేయుచున్నవారిపై మరల స్తంభపు గోడ పగిలి, మరి ముగ్గురు మరణించిరి.

నింపి తీయుట

పైన ఊరు, చెరువు, రైలుదారి ఉన్నచోట కప్పును కూల్చుటకు వీలులేదు. లోహపు గనులలో రాయి గట్టిదగుటచే అది అనుకొన్నప్పుడు కూలదు కూడ. ఇట్టిచోట్ల రెండవ మార్గము, అనగా ఖాళీని నింపుట అవసరము. సింగరేణి గనులలో గోదావరి ఇసుకను నీటితో కలిపి గొట్టముల ద్వారా లోపలికి పంపి ఖాళీలను నింపుచుండిరి. దీనినే స్టోయింగ్ అందురు. నీరు వడిసిపోగా ఇసుక గట్టిపడి నిలుచును.

ఇసుక వెంటనే కొండను మోయునని భ్రమపడరాదు. రాతితో పోల్చినచో ఇసుక మెత్తనిది; కప్పు కొంత దిగి దానిని అదిమిన తరువాతనే అది బరువును గ్రహించును. ఇసుక చేయు మొదటి మేలు వేరు. స్తంభపు ప్రక్కల నిండుగా నిలిచి, అంచులు రాలకుండ పట్టుకొనును. తరగతి గదిలో గుడ్డసంచి ఇసుకకు చేసిన ఉపకారమునే, గనిలో ఇసుక స్తంభమునకు చేయును.

మిస్సోరి రాష్ట్రమున వైబర్నమ్ ప్రాంతపు సీసపు గనులలో 1960లో ఉత్పత్తి ఆరంభమైనది. అవి కూడ గదులు, స్తంభముల గనులే. గదుల త్రవ్వకము తరువాత అచ్చట కూడ స్తంభములను తీయు పని వచ్చినది. కంప్యూటరుపై ముందుగా లెక్క కట్టి, ఏ స్తంభమును తీసిన ఏ స్తంభముపై ఎంత బరువు చేరునో చూచి, పిమ్మట వరుసను నిర్ణయింతురు. కొన్ని స్తంభముల చుట్టును రాతిముక్కలు, సిమెంటు కలిపిన మిశ్రమముతో నింపుదురు. అది గట్టిపడినచో తానే కొత్త స్తంభమగును. అప్పుడు పాత స్తంభమునందలి ఖనిజమును తీసికొనవచ్చును. మద్దతు లేని కప్పు క్రిందికి మనిషి పోనక్కరలేకుండ, ఖనిజమును ఎత్తు యంత్రములను దూరము నుండియే నడుపుదురు.

సిమెంటునకు, నింపుటకు ఖర్చు అగును. కావున స్తంభములోని లోహపు విలువ ఆ ఖర్చును మించినప్పుడే ఈ పని సాగును. మించనిచో స్తంభమును విడిచివేయుటయే ఉచితము. మిస్సోరిలోనే బాన్‌టెర్ అను సీసపు గని 1962లో మూతబడినది. అందులోని స్తంభములు నేటికిని నిలిచియున్నవి. గని దిగువ భాగము నీటితో నిండి సరస్సైనది. ఇప్పుడు యాత్రికులు పడవలపై తిరుగుచు, నీటిలో మునుగుచు ఆ స్తంభములను చూచి పోవుచున్నారు.

కావున స్తంభములను తీయుట గని ముగియు వేళ ఆలోచించు పని కాదు. గట్టుస్తంభములను ఎచ్చట విడువవలెను, ఏ దిక్కు నుండి వెనుకకు మరలవలెను, దేనితో నింపవలెను అను విషయములను మొదటి గదిని త్రవ్వక పూర్వమే పటముపై గీయవలెను. పిచర్‌లో అట్టి పటము లేకపోయెను. అందుచేతనే అచ్చట ఏ ఇంటి క్రింద ఏ స్తంభము మిగిలెనో చెప్పగలవారు కరువైరి.